వానలు మొదలవక ముందే జేబు టార్చి: ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి

మృగశిర కార్తె లోపే ఇంట్లో పెద్దవాళ్లందరి జేబుల్లో తలా ఒక చిన్న టార్చి ఉండేలా చూసుకోండి. తొలకరి నుంచి తుపాన్ల కాలం దాటేవరకు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. బొరియల్లోకి నీళ్లు చేరితే పాములు గట్ల మీదికీ, ఇంటి గోడల పక్కకీ, కట్టెల కుప్పల్లోకీ వస్తాయి. ఫోన్‌లో లైటు ఉందిగా అనుకోవద్దు. దాని వెలుగు నాలుగడుగులు దాటితే పలచబడుతుంది, ఫోన్ తడి చేతిలో జారుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, 108కి ఫోన్ చేయాల్సిన రాత్రి అందులో చార్జింగ్ మిగిలి ఉండాలి.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది వెలుగు కాదు, సైజు. పొడవు 10 సెంటీమీటర్ల లోపు, మందం 20 నుంచి 22 మిల్లీమీటర్లు, సెల్లుతో కలిపి 60–70 గ్రాములు ఉంటే జేబులో బరువనిపించదు. అంతకు మించితే నాలుగు రోజులకే గూట్లోకి చేరుతుంది. అవసరమైనప్పుడు అది గూట్లోనే ఉంటుంది. చొక్కా జేబుకు పట్టే గట్టి క్లిప్పు ఉండాలి. లుంగీ కట్టుకుని పొలానికి వెళ్లేవాళ్లకైతే తాడు కట్టి మణికట్టుకు వేసుకునే రంధ్రం కూడా ఉండాలి.

డబ్బా మీది అంకెలు

ల్యూమెన్ అంటే లైటు మొత్తంగా ఇచ్చే వెలుగుకు కొలత. జేబులో పట్టే లైటు మీద 10,000 ల్యూమెన్లు అని రాసి ఉంటే దాన్ని అక్కడే పెట్టేసి రండి. ఒక వాట్ కరెంటుకు మంచి చిన్న టార్చి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుంది. ఆ లెక్కన 10,000 ల్యూమెన్లకు 100 వాట్లు కావాలి. అంత కరెంటు ఒక్క చిన్న సెల్లు ఇవ్వలేదు, ఆ వేడిని వేలెడంత లోహపు గొట్టం తట్టుకోలేదు. 2,000 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే చార్జింగ్‌కు కొలత) రీచార్జబుల్ పెన్సిల్ సెల్లులో ఉండేది 1.2 వోల్టుల లెక్కన 2.4 వాట్ అవర్లు. అంటే 100 ల్యూమెన్ల వెలుగులో రెండు గంటలు, కాస్త అటూ ఇటూ. ఈ చిన్న లెక్క వేసుకుంటే సగం మోసాలు దుకాణంలోనే బయటపడతాయి.

మంచి కంపెనీలు టార్చిలను కొలవడానికి పెట్టుకున్న ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం కొలిచి అంకెలు వేస్తాయి. వాటినీ అర్థం తెలుసుకుని చదవాలి. '100 మీటర్లు' అంటే అంత దూరాన వెలుగు నిండు వెన్నెలంత, అంటే 0.25 లక్స్, మిగులుతుందని. అక్కడ ఉన్నది పామో తాడో పోల్చుకోవాలంటే ఆ దూరంలో మూడో వంతే లెక్కలోకి తీసుకోండి. 'ఇన్ని గంటలు వెలుగుతుంది' అన్నది వెలుగు మొదటిదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా లెక్కించిన సమయం. 800, 1,000 ల్యూమెన్ల టర్బో, అంటే అన్నిటికన్నా ఎక్కువ వెలుగు మెట్టు, ఉన్న చిన్న లైట్లు వేడెక్కి నిమిషం నుంచి మూడు నిమిషాల్లో వెలుగు తగ్గించేసుకుంటాయి. అది లోపం కాదు, తగ్గించుకోకపోతేనే ప్రమాదం. టర్బో అంకె చూసి డబ్బు పెట్టకండి.

అసలు కావాల్సినవి మూడు మెట్లు. కరెంటు పోయిన గదిలో, పిల్లలు నిద్రపోతుంటే 5–10 ల్యూమెన్లు చాలు. గట్టు మీద నడవడానికి 80–150. దూరంగా తీగ తెగి పడిందా, కాలవ గట్టు తెగిందా అని చూడటానికి ఓ అరనిమిషం 300 ఆ పైన. ఒకే ఒక్క ఎక్కువ వెలుగు ఉన్న లైటు వద్దు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి గోడ మీద గట్టి వెలుగు పడితే అదంతా పోతుంది. స్విచ్చి నొక్కగానే తక్కువ వెలుగుతో మొదలయ్యేది, లేదా కిందటిసారి పెట్టిన మెట్టు గుర్తుంచుకునేది చూడండి. ఆర్పుదామని నొక్కితే టపటపా మెరిసే మోడ్‌లోకి పోయేవి పొలం పనికి పనికిరావు.

రంగు సంగతి చాలామంది పట్టించుకోరు. నీలం కొట్టే తెల్లటి వెలుగులో ఎండుటాకుల మీది రక్తపింజర ఆకుల్లోనే కలిసిపోతుంది. 4,000–5,000 కెల్విన్ల వెలుగు (కెల్విన్ వెలుగు రంగుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ), సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 ఆ పైన ఉంటే గోధుమ, ఎరుపు రంగులు విడివిడిగా తెలుస్తాయి. దీనివల్ల ల్యూమెన్లు కొంచెం తగ్గినా నష్టం లేదు.

ఏ సెల్లు?

ఎక్కువమందికి ఒక్క పెన్సిల్ సెల్లు, అంటే డబుల్ ఏ వేసే లైటే సరైనది. తుపానుకు మూడు రోజులు కరెంటు లేకపోయినా ఊరి కిరాణా కొట్లో సెల్లు దొరుకుతుంది. రోజూ వాడేందుకు నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్లు వేసి, ఆల్కలైన్ సెల్లులను అత్యవసరానికి విడిగా దాచండి. ఆల్కలైన్ సెల్లు లోపలే నెలల తరబడి ఉంటే కారుతుంది. తెల్లటి పొడి పేరుకుని స్ప్రింగును తినేస్తుంది, ఒక్కోసారి సెల్లు గొట్టానికే అతుక్కుపోతుంది. పొడి కొంచెమే ఉంటే నిమ్మరసం అద్దిన దూదితో తుడిచి, తడి గుడ్డతో ఇంకోసారి తుడిచి, బాగా ఆరనివ్వండి. ఆ పొడి క్షారం, కంటికి తగలనీయకండి. రెండు సెల్లుల లైటులో పాతదీ కొత్తదీ కలిపి వేయొద్దు. బలహీనమైనది ముందే ఖాళీ అయి, రెండోది దాని మీద ఒత్తిడి పెడితే కారేది అదే.

ఇక్కడే ఒక పెద్ద చిక్కుంది. 14500 అనే లిథియం సెల్లు అచ్చం పెన్సిల్ సెల్లు సైజులోనే ఉంటుంది, కానీ పూర్తి చార్జింగ్‌లో 4.2 వోల్టులు ఇస్తుంది. 1.5 వోల్టులకే చేసిన టార్చిలో అది వేస్తే లోపలి సర్క్యూట్ కాలిపోతుంది. రెండూ వేయొచ్చని టార్చి మీదో, దాని కాగితంలోనో రాసి ఉంటేనే వేయండి.

రాత్రిళ్లు గంటల తరబడి తిరిగేవాళ్లకు 18650 అనే పెద్ద లిథియం సెల్లు వేసే లైటు మేలు. అది కాస్త లావు, అయినా ఒక్క చార్జింగ్‌తో చాలాసేపు వస్తుంది. మార్కెట్లో మామూలుగా దొరికే మంచి 18650 సెల్లు సామర్థ్యం 3,500 ఎంఏహెచ్ దరిదాపుల్లోనే ఉంటుంది. 9,900 అని రాసి ఉంటే ఆ అంకె అబద్ధం, సెల్లు నాణ్యతనూ నమ్మడానికి లేదు. లిథియం లైట్లు కొన్ని చివర్లో మసకబారకుండా ఒక్కసారిగా ఆరిపోతాయి. అందుకని చార్జింగ్ ఎంత ఉందో చూపించే చిన్న దీపం ఉన్నది తీసుకుని, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. విడి సెల్లును తాళాలు, చిల్లర ఉన్న జేబులో వేస్తే షార్ట్ అయి మంటలు రావచ్చు. చిన్న ప్లాస్టిక్ డబ్బా తప్పనిసరి.

టైప్-సి చార్జింగ్ ఉన్నా చౌక లైట్లు కొన్ని రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో చార్జ్ కావు. పాత రకం వెడల్పు పిన్ను ఉన్న కేబుల్‌తో అవుతాయి. దుకాణంలోనే రెండూ పెట్టి చూడండి. గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చే టార్చిల్లో లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్నవి చాలా ఉంటాయి. ఖాళీ అయిపోయాక కొన్ని నెలలు అలాగే వదిలేస్తే మళ్లీ చార్జ్ ఎక్కవు.

వానలో వాడకం

నీళ్లను ఎంతవరకు తట్టుకుంటుందో డబ్బా మీది ఐపీఎక్స్ అంకె చెబుతుంది. ఐపీఎక్స్4 అంటే చినుకుల వరకే. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఆగుతుంది. మడిలో పడినా తీసి వాడుకోవాలంటే ఇదే కావాలి. ముందుకూ వెనక్కూ జరిపే జూమ్ టార్చిలు వానకు వద్దు. ప్రతిసారి జరిపినప్పుడు గాలితో పాటు తేమనూ లోపలికి లాక్కుంటాయి, రెండు వానలకే అద్దం లోపల ఆవిరి పడుతుంది. మర దగ్గరి నల్లటి రబ్బరు రింగే నీళ్లను ఆపేది. దానికి ఏడాదికి రెండుసార్లు, బియ్యపు గింజంత సిలికాన్ గ్రీజు రాయండి. వ్యాజలిన్ కొన్ని రకాల రబ్బర్లను ఉబ్బిస్తుంది, దాని జోలికి పోవద్దు.

జేబులో పొరపాటున వెలిగిన గట్టి లైటు బట్టను కాల్చగలదు, ఒంటిని బొబ్బలెక్కించగలదు. జేబులో వేసే ముందు వెనక మూత పావు తిప్పు వదులు చేయండి. చాలా లైట్లలో దాంతోనే స్విచ్చి పనిచేయడం ఆగిపోతుంది. కొనేటప్పుడే ఇది పరీక్షించి తీసుకోండి.

నడిచేటప్పుడు లైటును నడుము ఎత్తులో పట్టుకుని, రెండు మూడడుగుల ముందు నేల మీద వేయండి. తలకు దగ్గరగా పట్టుకుంటే నీడలు కనబడవు, పైగా చినుకుల మీద పడి వెలుగు కళ్లలోకే కొడుతుంది. పక్కనుంచి వెలుగు పడితే పాము వంపు, గుంత అంచు నీడతో సహా తేలతాయి. కట్లపాము రాత్రిపూట తిరిగేది, దాని కాటు చాలాసార్లు నొప్పి తెలియదు. కింద పడుకునేవాళ్లు లేవగానే చెప్పులు వేసుకునే చోట వెలుగు వేసి చూడాలి. కాటేసిందని అనుమానం వచ్చినా కోయడం, గట్టిగా కట్టడం వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

మోటారు స్టార్టరు పెట్టె దగ్గర లోహపు టార్చిని నోట్లో కరుచుకుని రెండు చేతులూ లోపల పెట్టడం చాలా చోట్ల కనిపిస్తుంది. అది ఎప్పుడూ చేయకండి. ఆ పనికి ప్లాస్టిక్ బాడీ లైటును టోపీ అంచుకు క్లిప్ చేసుకోండి. అయినా చేతులు తడిగా ఉంటే, కాళ్లు నీళ్లలో ఉంటే పెట్టె ముట్టుకోవద్దు. తెగి పడిన తీగ కనిపిస్తే దూరం నుంచే వెలుగు వేసి, ఎవరినీ దగ్గరికి పోనీయకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

లైటు లోపలికి నీళ్లు పోతే ముందు సెల్లు తీసేయండి. మూతలన్నీ విప్పి, నీడలో ఫ్యాను గాలికి ఒక రోజంతా ఆరబెట్టండి. ఎండలోనో పొయ్యి పక్కనో పెట్టకండి. లిథియం సెల్లు ఉబ్బినా, నొక్కుకుపోయినా, పైన చుట్టిన ప్లాస్టిక్ తొడుగు చిరిగినా మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు. రెండు చివర్లకూ టేపు అంటించి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి.