క్యాంపస్‌లో ఫెస్టు, సెమినార్, ఫ్రెషర్స్ డే పెట్టాలంటే: అనుమతి దరఖాస్తు విధానం

పోస్టరు ముందు వస్తుంది, అనుమతి తర్వాత వస్తుంది. క్యాంపస్ కార్యక్రమాల్లో గొడవంతా అక్కడే మొదలవుతుంది. తేదీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాక ఆ రోజు హాలు ఖాళీ లేదని తెలుస్తుంది. హాలు దొరికితే మైకు పర్మిషన్ దగ్గర ఆగుతుంది. యూనివర్సిటీ ఆఫీసుల్లో దరఖాస్తును తిరస్కరించడం అరుదు, పక్కన పెట్టడం మామూలు. అలా పక్కన పడటానికి ఉండే కారణాలు నాలుగైదే. అవి ముందే తెలిస్తే ఫైలు దానంతట అదే కదులుతుంది.

ఎవరి పేరు మీద, ఎవరికి

కార్యక్రమం నడిపేది విద్యార్థులే అయినా, దరఖాస్తు మీద బాధ్యుడిగా ఒక అధ్యాపకుడి సంతకం ఉండాలి. ఆ అధ్యాపకుడిని కోఆర్డినేటర్ అంటారు. విద్యార్థి కన్వీనర్ సంతకం ఆయన సంతకం కింద ఉంటుంది. తర్వాత శాఖాధిపతి 'ఫార్వర్డెడ్' అని రాసి ముద్ర వేస్తారు, ఆపైన ప్రిన్సిపాల్, ఆపైన విద్యార్థి వ్యవహారాల డీన్ లేదా రిజిస్ట్రార్. దీన్నే 'త్రూ ప్రాపర్ చానల్' అంటారు. మధ్యలో ఒక మెట్టు వదిలేసి నేరుగా రిజిస్ట్రార్ గారి టేబుల్ మీద పెడితే, అదే కాగితం 'ప్రిన్సిపాల్ అభిప్రాయం కోసం' అని వెనక్కి దిగి మళ్లీ పైకి రావాలి. నాలుగు రోజులు అక్కడే పోతాయి.

మెట్లు ఎన్ని అన్నది వేదికను బట్టి ఉంటుంది. శాఖ సెమినార్ హాల్లో 80 మందితో అతిథి ఉపన్యాసమైతే శాఖాధిపతి, ప్రిన్సిపాల్ చాలు. ఉస్మానియాలో ఠాగూర్ ఆడిటోరియం, తిరుపతిలో శ్రీనివాస ఆడిటోరియం లాంటివి ఒక శాఖవో ఒక కాలేజీవో కావు. అలాంటి ఉమ్మడి వేదికకు దరఖాస్తు పరిపాలన భవనం దాకా వెళ్లాలి. ఆరుబయట మైదానమైతే సెక్యూరిటీ ఆఫీసరు, ఇంజనీరింగ్ విభాగం అభిప్రాయాలు కూడా అడుగుతారు. అడిగేదాకా ఆగకుండా మూడు నకళ్లు తీసి, వాళ్లకు ఒక్కొక్కటి ముందే ఇవ్వండి.

తేదీ ఎంచుకునే ముందు

అకడమిక్ క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. సెమిస్టర్ పరీక్షలు, ప్రాక్టికల్స్ తేదీలు తీసేయండి. క్యాంపస్‌లో ప్రవేశ పరీక్షల కేంద్రం పడే రోజులు తీసేయండి. స్నాతకోత్సవం ఉన్న వారాన్ని మొత్తంగా వదిలేయడం మేలు. రాష్ట్ర యూనివర్సిటీలకు గవర్నరే ఛాన్సలర్ కాబట్టి ఆయన వచ్చే ముందు రోజు నుంచే వేదిక భద్రతా సిబ్బంది చేతుల్లోకి వెళ్లిపోతుంది. అంతకుముందే బుక్ చేసుకున్నా లాభం ఉండదు. ఎన్నికల కోడ్ అమల్లో ఉంటే మంత్రులను, ఎమ్మెల్యేలను ముఖ్య అతిథులుగా పిలిచే ఆలోచన మానుకోండి.

ఫ్రెషర్స్ డేకు ఇంకో లెక్క ఉంది. సీనియర్లు, అధ్యాపకులు కలిసి స్వాగత కార్యక్రమం జరపాలని, అదీ వీలైతే తరగతులు మొదలైన మొదటి రెండు వారాల్లోనే జరపాలని 2009 నాటి యూజీసీ ర్యాగింగ్ నిరోధక నిబంధనలు చెబుతాయి. అంటే అక్టోబరు దాకా సాగదీసి, ఊరి బయట ఫంక్షన్ హాల్లో అధ్యాపకులు లేకుండా చేసేది ఆ నిబంధన ఉద్దేశించిన ఫ్రెషర్స్ డే కాదు. దరఖాస్తులో 'అధ్యాపకుల సమక్షంలో' అన్న మాట, హాజరయ్యే ఇద్దరు ముగ్గురి పేర్లు ఉండాలి. కార్యక్రమ పత్రం అడుగున జాతీయ ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522 అచ్చు వేయించండి. పైసా ఖర్చు లేని పని, ర్యాగింగ్ నిరోధక కమిటీ వాళ్లు మొదట చూసేదీ అదే.

ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి? హాల్లో జరిగే లోపలి కార్యక్రమానికి 15 రోజులు. బయటి కాలేజీల వాళ్లు వచ్చే ఫెస్టుకు నెల. పేరున్న గాయకుడో సినిమా నటుడో వస్తుంటే 45 రోజులకు తక్కువ పెట్టుకోవద్దు, ఎందుకంటే అక్కడ పోలీసుల పని కూడా కలుస్తుంది.

దరఖాస్తులో ఏం రాయాలి

చాలామంది 'మా శాఖ వార్షికోత్సవం జరుపుకోవడానికి అనుమతి ఇవ్వగలరు' అని రెండు వాక్యాలు రాసి వదిలేస్తారు. చదివే అధికారికి దాంతో ఏమీ తేలదు. ఆయనకు కావలసినవి అంకెలు. ఇలా ఉంటే సరిపోతుంది:

'విషయం: ఫిబ్రవరి 20న సాయంత్రం 4 నుంచి రాత్రి 9 గంటల వరకు ఆరుబయట వేదికలో భౌతిక శాస్త్ర శాఖ వార్షికోత్సవానికి అనుమతి కోరుతూ.

అయ్యా, పై కార్యక్రమానికి 600 మంది మా విద్యార్థులు, 50 మంది తల్లిదండ్రులు, ఆహ్వానితులు ముగ్గురు హాజరవుతారు. టికెట్టు లేదు. బయటి కాలేజీల విద్యార్థులకు ప్రవేశం లేదు. వేదిక ఏర్పాటుకు 19వ తేదీ మధ్యాహ్నం 2 నుంచి, తొలగింపుకు 21వ తేదీ ఉదయం 10 వరకు స్థలం కావాలి. విద్యుత్తు అవసరం 13 కిలోవాట్లు, సొంత జనరేటర్ తెచ్చుకుంటాం. ఖర్చు శాఖ విద్యార్థి సంఘ నిధి నుంచి. జతపరిచినవి: నిమిషాల వారీ కార్యక్రమం, వాలంటీర్ల జాబితా, వేదిక పటం, ఆహ్వానితుల వివరాలు.'

ఇందులో అందరూ మరిచేది ఏర్పాటుకు, తొలగింపుకు అడిగే సమయం. 20వ తేదీకే అనుమతి ఉంటే 19న వచ్చిన డెకరేషన్ లారీని గేటు దగ్గర ఆపేస్తారు. అలా ఆపడం సెక్యూరిటీ వాళ్ల తప్పూ కాదు. లారీ నంబర్లు ముందురోజు గేటుకు రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఆఫీసులో ఇచ్చాక ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు వాళ్ల రిజిస్టరులో వేసే నంబరు), తేదీ మీ నకలు మీద వేయించుకోండి. ఆ నంబరు లేకుండా 'మా లెటర్ ఏమైంది సార్' అని ఎన్నిసార్లు తిరిగినా సెక్షన్‌లో దొరకదు.

మైకు

ఎక్కువ ఫైళ్లు ఇక్కడే ఆగుతాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం లౌడ్ స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. ఆ అధికారం కలెక్టరుకో, పోలీసు కమిషనరుకో, డీఎస్పీ స్థాయికి తగ్గని నియమిత అధికారికో ఉంటుంది. యూనివర్సిటీ ఇచ్చే అనుమతి దీనికి బదులు కాదు. రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చిన ఉత్తర్వు నకలు జతచేసి, స్థానిక పోలీస్ స్టేషన్ ద్వారా విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. స్టేషన్‌లో స్థలం చూసి, అభిప్రాయం రాసి ఏసీపీకో డీఎస్పీకో పంపుతారు. కాబట్టి ముందు యూనివర్సిటీ కాగితం, తర్వాతే పోలీసు కాగితం.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు నడవదు. నాలుగు గోడల మధ్య ఆడిటోరియంలో, లోపలి వాళ్లకు వినబడేంత వరకు ఆ నిషేధం వర్తించదు. పండగలకు అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. కాలేజీ ఫెస్టు ఆ లెక్కలోకి వస్తుందని అనుకోవద్దు. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర ప్రభుత్వం సైలెన్స్ జోన్‌గా ప్రకటించిన చోట పరిమితి పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ మాత్రమే. క్యాంపస్‌లోనే హెల్త్ సెంటరో, పక్కన ఆసుపత్రో ఉంటే స్పీకర్లను దానికి వీపు చేసి పెట్టేలా పటంలో చూపించండి.

కార్యక్రమాన్ని కాగితం మీద 9 గంటలకు ముగించండి. అతిథి 40 నిమిషాలు ఆలస్యంగా వస్తారు, వందన సమర్పణ పావుగంట సాగుతుంది. 9 అని రాసుకుంటేనే 10 లోపు మైకు ఆపగలరు. 10 అని రాసుకున్నవాళ్లు పాట మధ్యలో ఆపాల్సి వస్తుంది.

జనం, దారులు

కార్యక్రమానికి ఎంతమంది వస్తారో దాపరికం లేకుండా రాయండి. తక్కువ రాస్తే అనుమతి తేలిగ్గా వస్తుందని ఒక నమ్మకం ఉంది. కానీ సెక్యూరిటీ, అంబులెన్సు, గేట్లు అన్నీ ఆ అంకె మీదే లెక్కవేస్తారు. కుర్చీలు వేసిన సభాస్థలంలో మనిషికి 0.6 చదరపు మీటరు అని జాతీయ భవన నియమావళి లెక్క. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఖాళీ అంటే 600 చదరపు మీటర్లు, అంటే 1,000 మంది. వేదిక, నడక దారులు, సౌండ్ టేబుల్ తీసేస్తే 750 మంది దగ్గర ఆగడం క్షేమం.

2023 నవంబరు 25న కొచ్చిన్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో 'ధిషణ' టెక్ ఫెస్టు సంగీత కచేరీ ముందు జరిగిన తొక్కిసలాటలో నలుగురు చనిపోయారు. ఆరుబయట ఆడిటోరియం గేటు దగ్గర జనం చేరారు, వాన మొదలవడంతో ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు. గేటు దాటగానే కిందికి దిగే మెట్లు. ముందున్నవాళ్లు పడిపోయారు. అప్పటి నుంచి వేదిక పటం లేకుండా ఫైలు పెడితే ప్రశ్నలు ఎక్కువగా రావడం సహజమే. పటంలో గేట్లు ఎన్ని, వెడల్పు ఎంత, మెట్లు ఎక్కడ, వానొస్తే జనం ఎటు వెళ్తారు అన్నవి గుర్తించండి. లోపలికి ఒక గేటు, బయటికి ఒక గేటు వేరుగా ఉంచండి. బయటి గేటుకు తాళం వేయకండి, టికెట్టు లేనివాళ్లు దూరతారన్న భయంతో వేసే ఆ తాళమే అసలు ప్రమాదం. గేటు తెరవడాన్ని ఆలస్యం చేసేకొద్దీ బయట ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి మొదలుకు గంట ముందే తెరవాలి.

షామియానా వేస్తుంటే పైకప్పు 3 మీటర్లకు తక్కువ ఉండకూడదు, చుట్టూ భవనాలకు 3 మీటర్ల దూరం వదలాలి, కరెంటు తీగల కింద వేయకూడదు. సింథటిక్ గుడ్డ, నైలాన్ తాళ్లు వద్దు. నిప్పంటుకుంటే కరిగి మీద పడతాయి. పెద్ద పందిళ్లకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం అడుగుతారు.

నీళ్లు చిన్న విషయమే అయినా రాయాలి. 1,000 మందికి మూడు గంటల సాయంత్రానికి తలా అర లీటరు అనుకుంటే 20 లీటర్ల క్యాన్లు 25. మార్చి ఎండలో దీన్ని రెట్టింపు చేసుకోండి.

కరెంటు లెక్క

ఇంజనీరింగ్ విభాగం అడిగేది ఒకే అంకె, చాలా దరఖాస్తుల్లో ఉండనిదీ అదే. ఒక మామూలు వేదిక తీసుకుందాం. వేదిక మీదికి వేసే 150 వాట్ల ఎల్‌ఈడీ పార్ లైట్లు 16 అంటే 2,400 వాట్లు. సౌండ్‌కు 5,000. 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఎల్‌ఈడీ తెర గరిష్ఠంగా 5,400 దాకా లాగుతుంది. మొత్తం 12,800 వాట్లు. దీన్ని ఒకే ఫేజు మీద వేస్తే 55 ఆంపియర్లు దాటుతుంది. గోడకున్న ఏసీ సాకెట్ నుంచి వైరు లాగితే ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చు) పడిపోవడం ఖాయం, అదీ సరిగ్గా ముఖ్య అతిథి మాట్లాడుతుండగా, అన్ని లైట్లూ వేసి ఉన్నప్పుడే పడుతుంది. మూడు ఫేజులకు పంచాలి, లేదా 25 కేవీఏ జనరేటర్ తెచ్చుకోవాలి. 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర అది 20 కిలోవాట్లు ఇస్తుంది, మిగులు సరిపోతుంది. జనరేటర్‌కు ఎర్తింగ్ చేశారో లేదో యూనివర్సిటీ ఎలక్ట్రీషియన్‌తో సంతకం పెట్టించుకోండి.

పాటలు, డ్రోన్లు, విదేశీ అతిథులు

విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా విద్యార్థులు, సిబ్బంది పాడినా ఆడినా, చూసేవాళ్లు ఆ సంస్థ విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే అయితే 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. రికార్డు పాటలు, సినిమా ప్రదర్శనకు కూడా ప్రేక్షకుల విషయంలో ఇదే షరతు. బయటి బ్యాండును పిలిచి, టికెట్టు పెట్టి, ఎవరినైనా రానిస్తే ఆ గొడుగు పోతుంది. అప్పుడు పాట రాసిన, స్వరపరిచిన హక్కులకు ఐపీఆర్ఎస్ (రచయితలు, స్వరకర్తల హక్కుల సంఘం) లైసెన్సు, రికార్డు వేస్తే రికార్డు హక్కుదారు లైసెన్సు విడిగా తీసుకోవాలి. ఆ ఖర్చు ఎవరిదో బ్యాండుతో ఒప్పందంలోనే రాసుకోండి.

డ్రోన్‌తో వీడియో తీయించాలంటే ముందు డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైట్) మ్యాపులో మీ క్యాంపస్ ఏ రంగులో ఉందో చూడండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉంటే ఆ ఎత్తు పరిమితి 200 అడుగులు. మ్యాపు స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి దరఖాస్తుకు జతపరచండి.

విదేశీ వక్త వస్తుంటే నెల చాలదు. కాన్ఫరెన్సు వీసాకు ఆహ్వాన పత్రంతో పాటు కేంద్ర హోం శాఖ నుంచి కార్యక్రమానికి క్లియరెన్సు అవసరం. దాన్ని తీసుకోవాల్సింది నిర్వాహకులే, అతిథి కాదు. 'టూరిస్టు వీసా మీద వచ్చేయండి' అని సలహా ఇచ్చే మిత్రుల మాట వినకండి.

డబ్బు

హాలు అద్దె, కాషన్ డిపాజిట్ ఆన్‌లైన్‌లోనో డీడీ రూపంలోనో కట్టాలి. చాలా చోట్ల ఎస్‌బీఐ కలెక్ట్ వాడతారు. అందులో 'చెల్లింపు వివరం' దగ్గర కార్యక్రమం పేరు, తేదీ రాయకపోతే డబ్బు పడినా ఎవరిదో తేలదు, రశీదు పట్టుకుని అకౌంట్స్ సెక్షన్ చుట్టూ తిరగాలి. స్పాన్సర్ల డబ్బు కన్వీనర్ సొంత ఫోన్‌పేలోకి తీసుకోవద్దు. శాఖ ఖాతాలోకి రప్పించి, బిల్లు మీదే చెల్లించండి.

డిపాజిట్ వెనక్కి రావాలంటే కార్యక్రమం మర్నాడు ఉదయమే కేర్‌టేకర్‌ను తీసుకెళ్లి కుర్చీలు, తెరలు, టాయిలెట్లు చూపించి 'నష్టం లేదు' అని రాయించుకోవాలి. వారం తర్వాత వెళ్తే, మధ్యలో ఇంకెవరో విరగ్గొట్టిన కుర్చీ కూడా మీ లెక్కలోనే పడుతుంది. ఆ కాగితం, చెల్లింపు రశీదు, క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేసి మళ్లీ అదే దారిలో, శాఖాధిపతి ద్వారా రీఫండు దరఖాస్తు పెట్టాలి. దాని ఇన్‌వర్డ్ నంబరు కూడా రాసుకోండి.