కొన్న వెబ్‌సైట్ ఆదాయం పడిపోయిందా? ఏది ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

బెంగళూరు మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, మిగిల్చుకున్న అయిదారు లక్షలతో నడుస్తున్న సైటొకటి కొనాలనుకునే తెలుగువాళ్ళ ముందుకి సాధారణంగా వచ్చేవి పరీక్ష ఫలితాల సైట్లు, ఉద్యోగ నోటిఫికేషన్ల సైట్లు, బెంగళూరు ప్యాకర్స్ అండ్ మూవర్స్ సైట్లు. ఇదే ఊళ్ళో ఫ్లాట్ కొనేటప్పుడు పక్కా రికార్డున్న ఏ-ఖాతానా, లేని బీ-ఖాతానా అని పదిసార్లు అడుగుతాం, ఈసీ తీయిస్తాం. సైటు విషయంలో ఒక్క స్క్రీన్‌షాట్ చూసి అడ్వాన్స్ పంపేస్తాం. సైటు ఆదాయం సైటులో ఉండదు. యాడ్ ఖాతాలో, బయటి లింకుల్లో, ఒక ఫోన్ నంబర్లో ఉంటుంది. వాటిలో ఏది మన చేతికి రాకపోయినా వచ్చే ఇబ్బందులు ఇవి. దాదాపు అన్నింటినీ కొనకముందే పట్టుకోవచ్చు.

చూపించిన ఆదాయంలో మూడో వంతు కూడా రావడం లేదు

మొదటి అనుమానం సీజన్ మీద. ఫలితాల సైటొకటి జూన్ నెలాఖరులో అమ్మకానికి వచ్చిందనుకోండి. ఏప్రిల్‌లో 1,10,000 రూపాయలు, మేలో 1,40,000, జూన్‌లో 50,000. మూడు నెలల సగటు లక్ష. సైట్లు కొని అమ్మే ఫ్లిప్పా లాంటి చోట్ల ధరని నెలవారీ నికర లాభానికి ఇన్ని రెట్లు అని కడతారు కాబట్టి, 24 రెట్ల లెక్కన 24 లక్షలు అడుగుతారు. కానీ పదో తరగతి, ఇంటర్ ఫలితాల హడావిడి అంతా ఆ రోజుల్లోనే. మిగతా తొమ్మిది నెలలూ నెలకి 12,000 చొప్పున వచ్చిందంటే ఏడాది మొత్తం 4,08,000, నెల సగటు 34,000. హోస్టింగ్‌కీ, రాసేవాళ్ళకీ నెలకి 9,000 పోతే మిగిలేది 25,000. అదే 24 రెట్లకి ఆ సైటు ధర 6 లక్షలు. రోజూ రెండు గంటలు అమ్మేవారే కూర్చుని పోస్టులు పెడుతుంటే, ఆ పనికి రేపు మీరిచ్చే జీతం కూడా తీసేయాలి. అప్పుడు ఇంకా తగ్గుతుంది.

కనీసం 12 నెలల లెక్కలు లేకుండా ధర మాట్లాడొద్దు. కొనేసి ఉంటే సెర్చ్ కన్సోల్ (గూగుల్ సెర్చ్ నుంచి సైటుకి వచ్చిన క్లిక్కులు చూపే గూగుల్ సాధనం) తెరవండి, అందులో 16 నెలల డేటా ఉంటుంది. ఈ నెలని పోయిన నెలతో కాదు, నిరుడు ఇదే నెలతో పోల్చండి. క్లిక్కులు దాదాపు అంతే ఉంటే సైటుకి జబ్బేమీ లేదు, ధరే ఎక్కువ పడింది.

రెండో అనుమానం స్క్రీన్‌షాట్ మీద. బ్రౌజర్లో ఏ అంకెనైనా అర నిమిషంలో మార్చి ఫొటో తీయొచ్చు. అందుకే వీడియో కాల్‌లో యాడ్‌సెన్స్ (సైట్లలో యాడ్స్ పెట్టి డబ్బిచ్చే గూగుల్ సేవ) ఖాతా తెరిపించి స్క్రీన్ షేర్ చేయించండి. పేజీని రీలోడ్ చేయమనండి, తేదీలు మీరు చెప్పినట్టు మార్చమనండి. అంచనా ఆదాయంతో ఆగకుండా చెల్లింపుల పేజీకి వెళ్ళమనండి. దొంగ క్లిక్కులకి గూగుల్ కోసేసిన సొమ్ము అక్కడ విడి వరసగా కనిపిస్తుంది. ఆ తర్వాత బ్యాంక్ స్టేట్‌మెంట్. బ్యాలెన్స్ 100 డాలర్లు దాటితే యాడ్‌సెన్స్ నెలలో 21 నుంచి 26 మధ్య డబ్బు పంపుతుంది. ఆ తేదీల తర్వాత నాలుగైదు రోజుల్లో ఖాతాలో జమ పడిందా, అంకె సరిపోయిందా చూడండి. స్టేట్‌మెంట్ చూపించడానికి నసిగితే అక్కడితో బేరం ఆపేయండి.

యాడ్స్ రావడం లేదు, వస్తున్నా డబ్బు మీకు చేరడం లేదు

యాడ్‌సెన్స్ ఖాతా ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ కాదు. "లాగిన్ ఇచ్చేస్తాను, వాడుకోండి" అంటే ఒప్పుకోకండి. పేరు, పాన్, బ్యాంకు అన్నీ ఆయనవే. మీ ఖాతాలో సైటుని చేర్చి, రివ్యూకి పంపి, ఆమోదం తెచ్చుకోవాలి. ఒక మనిషికి ఒక్క ఖాతానే. మీ పేరు మీద ఉన్న ఖాతాని నియమాలు మీరారని గూగుల్ ఎప్పుడో మూసేసి ఉంటే ఈ సైటు మీ చేతిలో యాడ్‌సెన్స్ మీద నడవదు, కొనకముందే ఆ సంగతి తేల్చుకోండి.

యాడ్స్ కనిపిస్తున్నా మీ రిపోర్టులో సున్నా ఉంటే పాత పబ్లిషర్ ఐడీ (యాడ్ డబ్బు ఏ ఖాతాకి వెళ్ళాలో చెప్పే నంబరు) ఎక్కడో మిగిలిపోయినట్టే. పేజీ సోర్స్ తెరిచి "pub-" తర్వాత ఉండే 16 అంకెల నంబరు వెతకండి. హెడర్లో మార్చి, ఆర్టికల్ మధ్యలో యాడ్స్ పెట్టే ప్లగిన్‌లో మర్చిపోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. యాడ్స్ అమ్మే హక్కు ఎవరిదో చెప్పే ads.txt ఫైల్లో కూడా మీ నంబరే ఉండాలి. కొత్త ఖాతా అయితే ఆదాయం 10 డాలర్లకి చేరాక చిరునామాకి పిన్ ఉత్తరం వస్తుంది. నాలుగు నెలల్లో అది ఎక్కించకపోతే యాడ్స్ ఆగిపోతాయి. పీజీ చిరునామాలకి వచ్చే ఉత్తరాలు తరచూ దొరకవు కాబట్టి, పోస్టు నమ్మకంగా చేరే ఇంటి చిరునామా ఇవ్వండి.

అమెజాన్ అఫిలియేట్ సైటుకీ (లింకు ద్వారా జరిగిన అమ్మకం మీద కమిషన్ వచ్చేది) ఇదే పద్ధతి. పాత లింకులన్నింటిలో మీ ట్యాగ్, అంటే మీ ఖాతా గుర్తు, పెట్టాలి. 180 రోజుల్లో 3 అమ్మకాలు జరగకపోతే కొత్త ఖాతా మూసేస్తారు.

రెండు మూడు నెలలకే గూగుల్ నుంచి వచ్చే జనం తగ్గారు

ముందు సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ (గూగుల్ వేసిన శిక్షలు), సెక్యూరిటీ ఇష్యూస్ పేజీలు చూడండి. అక్కడ నోటీసుంటే తప్పు సరిదిద్ది, మళ్ళీ పరిశీలించమని అడగొచ్చు. నోటీసు లేకుండా పడిపోతే అలా అడిగే దారే ఉండదు, కోలుకోవడానికి నెలలు పడుతుంది.

చాలాసార్లు అసలు కారణం లింకులు. అమ్మిన ఆయనకి ఇంకో పది సైట్లుంటాయి. వాటి నుంచి దీనికి లింకులిచ్చి పైకి లేపి, అమ్మాక తీసేస్తారు. సెర్చ్ కన్సోల్ లింకుల రిపోర్టులో మొదటి 30 సైట్లని ఒక్కొక్కటిగా తెరవండి. ఒకే థీమ్, ఎవరు రాశారో తెలియని వ్యాసాలు, అన్నీ ఈ సైటు వైపే చూపించడం కనిపిస్తే కొనకండి. లింకులు తీయనని ఒప్పందంలో రాయించుకోవచ్చు కానీ, గూగుల్ కనిపెట్టిన రోజున ఆ కాగితం పనికిరాదు.

పాత డొమైన్ (సైటు చిరునామా) అయితే, సైట్ల పాత రూపాలు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో దాని గతం చూడండి. నిరుడు జూదం సైటు, ఇవాళ తెలుగు జాబ్స్ సైటు అంటే వద్దు. గడువు తీరిన డొమైన్లని ఇలా వాడటాన్నీ, గుట్టలుగా రాసిపడేసిన పేజీలనీ గూగుల్ 2024 మార్చిలో స్పామ్ విధానాల్లో పేరుపెట్టి చేర్చింది.

విజిటర్లు వేలల్లో, క్లిక్కులు పదుల్లో

వచ్చేది మనుషులు కాదు, బాట్లు (తమంతట తాము పేజీలు తెరిచే ప్రోగ్రాములు). గూగుల్ అనలిటిక్స్‌లో గూగుల్ నుంచి వచ్చినట్టు చూపే సెషన్లు (సందర్శనలు), సెర్చ్ కన్సోల్ క్లిక్కులు దాదాపు ఒకే స్థాయిలో ఉండాలి. తెలుగు సైటుకి సగం జనం తెలుగువాళ్ళు లేని దేశాల నుంచి, రెండు సెకన్లలో వచ్చిపోతుంటే అది కొనుక్కున్న ట్రాఫిక్.

ఫోన్లు మోగడం లేదు

"బెంగళూరు నుంచి విజయవాడ సామాన్ల తరలింపు" లాంటి సైటులో ఆస్తి ఫోన్ నంబరే. పేజీలో కొత్త నంబరు పెట్టినా పాత డైరెక్టరీల్లో, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్లో (మ్యాప్స్‌లో కనిపించే వ్యాపారం పేజీ) పాత నంబరుంటే ఫోన్లు పాత యజమానికే వెళ్తాయి. ఆ సిమ్‌ని మీ పేరు మీదకి మార్చడం, ప్రొఫైల్లో మిమ్మల్ని ప్రధాన యజమానిగా చేయడం ఒప్పందంలో ఉండాలి. లీడ్లన్నీ (సైటు ద్వారా వచ్చే కస్టమర్ల వివరాలు) కొనేది ఒకే కంపెనీ అయితే ఆ కంపెనీ వాళ్ళతో ముందే మాట్లాడండి.

టెలిగ్రామ్ ఛానల్ కూడా వస్తుంటే, అమ్మేవారి ఖాతాలో రెండంచెల పాస్‌వర్డ్ పెట్టి 7 రోజులు దాటితే గానీ యాజమాన్యం మారదు. ఆ పాస్‌వర్డ్ బేరం కుదిరిన రోజే పెట్టించండి.

వ్యాసాలు నావంటూ ఎవరో నోటీసు పంపారు

జీతానికి పనిచేసే ఉద్యోగి రాసింది యజమానిది. ఆర్టికల్‌కి ఇంత అని తీసుకుని బయటి నుంచి రాసినవారి హక్కు మాత్రం, రాతపూర్వకంగా ఇవ్వనంతవరకు, వారిదే. డబ్బిచ్చినంత మాత్రాన మారదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్ళే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. ఏడాదిలోపు ఆ హక్కు వాడకపోతే, వేరేగా రాసుకోనంతవరకు, పోతుంది కూడా. కాబట్టి "కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, వాడకపోయినా రద్దు కాకుండా" అన్న మాటలు మీ ఈ-స్టాంప్ ఒప్పందంలో ఉండి తీరాలి. రచయితలు అమ్మేవారికి ఇచ్చిన కాగితాలు దానికి జత చేయించండి.

పాత యజమాని ఇంకా లోపలే ఉన్నాడు, లేదా డొమైన్ మీ పేరుకి రాలేదు

సెర్చ్ కన్సోల్‌లో ఆయన్ని తీసేసినా, డీఎన్ఎస్‌లో (డొమైన్ సెట్టింగుల్లో) ఆయన ధ్రువీకరణ రికార్డు ఉంటే మళ్ళీ వచ్చేయగలడు, దాన్నీ తీయండి. వర్డ్‌ప్రెస్‌లో అన్ని అడ్మిన్ల పాస్‌వర్డ్లు, డేటాబేస్ పాస్‌వర్డ్, సాల్ట్ కీలు (పాత లాగిన్లని చెల్లకుండా చేసే రహస్య అక్షరాలు) మార్చండి. క్రాక్ చేసిన థీములు, ప్లగిన్లు ఉంటే తీసేసి అసలువి కొని వేయండి. దొంగ దారులు ఎక్కువగా వాటిలోనే ఉంటాయి.

డాట్ కామ్ డొమైన్ ఇటీవలే రిజిస్టర్ అయినా, చేతులు మారినా సాధారణంగా 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కి (డొమైన్లు అమ్మే కంపెనీకి) వెళ్ళనివ్వరు. అదే రిజిస్ట్రార్ దగ్గర ఖాతా తెరిచి, ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మార్పించుకోవడం తేలిక. డబ్బు ఎస్క్రోలో, అంటే షరతులు తీరేదాకా మధ్యవర్తి దగ్గర, పెట్టండి. డొమైన్ మీ ఖాతాలోకి వచ్చి, బ్యాకప్ మీ సర్వర్ మీద తెరుచుకున్నాకే 70 శాతం విడుదల చేయండి. మిగతా 30 శాతం, మీ యాడ్‌సెన్స్‌లోకి మొదటి చెల్లింపు వచ్చి, 90 రోజులు గడిచాక ఇచ్చేలా ముందే రాసుకోండి.