పాతకాలం ఫుట్‌స్టూల్‌ని ఎలా ఎంచుకోవాలి, ఇంట్లో ఎలా వాడుకోవాలి?

పాత ఫుట్‌స్టూల్ కొని మూలన షో పీస్‌లా పెట్టి, పిల్లల్ని ముట్టుకోవద్దని కసిరేవాళ్ళంటే నాకు కాస్త బాధేస్తుంది, ఎందుకంటే అది పుట్టిందే కాళ్ళు పెట్టుకోవడానికి. 1922లో బయటపడ్డ పాతకాలపు ఈజిప్టు రాజు టుటంఖమున్ సమాధిలో కూడా పాదపీఠాలు దొరికాయి, వాటి మీద బందీలైన శత్రువుల బొమ్మలుంటాయి, అంటే రాజుగారు కూర్చుని కాళ్ళు పెట్టిన ప్రతిసారీ శత్రువుల్ని తొక్కినట్టే అన్నమాట. డచ్ వాళ్ళ ఇళ్ళల్లో అయితే బెజ్జాలున్న చిన్న చెక్కపెట్టె లోపల మట్టిపాత్రలో నిప్పులు పెట్టుకుని దాని మీద పాదాలు ఆనించి వెచ్చబరుచుకునేవాళ్ళు. విక్టోరియా రాణి కాలంలో (1837-1901) ఇంట్లో ఆడవాళ్ళు రంగురంగుల ఉన్నితో పూలు కుట్టి, ఆ గుడ్డనే స్టూల్ మీద బిగించేవాళ్ళు. ఇప్పటికీ పాత సామాన్లలో అలాంటివి బాగానే కనిపిస్తాయి. కాబట్టి వాడుకోవడానికే కొనండి, కాకపోతే చూసి కొనండి.

స్టెప్ 1: ముందు మీ కుర్చీ ఎత్తు కొలవండి

చాలామంది ఇది వదిలేసి డిజైన్ చూసి పడిపోతారు. సోఫా సీటు మామూలుగా 16 నుంచి 18 అంగుళాలు ఉంటుంది. కాళ్ళు చాపుకుని పడుకున్నట్టు కూర్చోవాలంటే స్టూల్ సీటుకి సమానంగానో, రెండు మూడు అంగుళాలు తక్కువగానో ఉండాలి. పాతవాటిలో చాలావరకు ఇంకా పొట్టిగా ఉంటాయి, ఎందుకంటే అప్పట్లో నిటారుగా కూర్చుని చల్లటి నేల తగలకుండా పాదాలు పైన పెట్టుకునేవాళ్ళు. అలాంటి పొట్టివి చాపుకోవడానికి పనికిరావు గానీ, కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకి అందని పెద్దవాళ్ళకీ, రాసుకునే బల్ల కిందకీ చాలా బాగుంటాయి.

స్టెప్ 2: తిరగేసి చూడండి

అసలు కథంతా అడుగునే ఉంటుంది, పైన ఎవరైనా మెరిపించొచ్చు. తలకిందులుగా పెట్టి, ఫోన్ టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా కొట్టండి. చెక్క మీద రంపం గీతలు కనిపిస్తాయి. అవి కాస్త హెచ్చుతగ్గులుగా, తిన్నగా ఉంటే చేత్తో కోసిన చెక్క అయ్యే అవకాశం ఉంది, విల్లులా వంపు తిరిగిన గీతలుంటే గుండ్రటి రంపంతో కోసింది, అది 19వ శతాబ్దం మధ్య నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. తర్వాత స్క్రూలు చూడండి. తల మీద ప్లస్ గుర్తున్న స్క్రూలు 1930ల్లో మొదలయ్యాయి, ఒక్కటే ఉంటే మధ్యలో ఎవరో రిపేర్ చేశారనుకోవచ్చు, నాలుగు మూలలా అవే ఉండి, వేరే పాత బెజ్జాలేవీ లేకపోతే మాత్రం అది విక్టోరియన్ ముక్క అని ఎవరు చెప్పినా నమ్మకండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది గుడ్డ బిగించిన అంచు. చట్రం కింద వేలితో తడిమితే చిన్న చిన్న మేకుల బెజ్జాలు వరసలు వరసలుగా తగులుతాయి, కొన్ని ఖాళీగా, కొన్నిట్లో తుప్పు పట్టిన ముక్క ఇరుక్కుని. గుడ్డ మార్చిన ప్రతిసారీ ఇంకో వరస చేరుతుంది. ఒకే వరస, అదీ స్టేపుల్ పిన్నులతో ఉంటే ఆ స్టూల్ వయసు అంత ఎక్కువ ఉండదు. పైభాగం గుండ్రటి చెక్కదైతే రెండు వైపులా టేపుతో కొలవండి, పాత చెక్క ఈనెలకి (చెక్కలో పొడుగ్గా సాగే చారలకి) అడ్డంగా కుంచించుకుపోతుంది కాబట్టి నిజంగా పాతదైతే ఒకవైపు కొలత కొంచెం తక్కువ రావచ్చు.

ఆంటిక్ అంటే సాధారణంగా వందేళ్ళు దాటింది, వింటేజ్ అంటే అంత పాతది కాదు. వాడుకోవడానికైతే వింటేజ్ దేనికీ తక్కువ కాదు, పైగా గట్టిగా ఉంటుంది.

స్టెప్ 3: ఊగుతోందా, పురుగుందా?

ఎదురెదురు కాళ్ళు రెండు పట్టుకుని మెల్లగా మెలిపెట్టండి. జాయింట్లు వదులైతే భయం లేదు, పాతవాటికి జంతు చర్మంతో చేసిన బంక వాడేవాళ్ళు, అది వేడికీ తడికీ మెత్తబడుతుంది కాబట్టి ఊడదీసి అదే రకం బంకతో మళ్ళీ అతికించొచ్చు. ఇప్పటి బలమైన బంకలు పోసేస్తే తర్వాత ఎవరూ విప్పలేరు. కాలు జాయింట్ దగ్గరే చీలితే మాత్రం వదిలేయడం మంచిది.

ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి బెజ్జాలుంటే పురుగు తొలిచిందని అర్థం. పాత బెజ్జాలైతే పర్వాలేదు. కింద నల్ల కాగితం పరిచి చెక్కని తట్టండి, లేత రంగు పొడి రాలితే పురుగు ఇంకా లోపలే ఉండొచ్చు. వెంటనే ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా కట్టి మిగతా ఫర్నిచర్‌కి దూరంగా పెట్టండి. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచడం మ్యూజియంలలో కూడా వాడే పద్ధతే, చిన్న స్టూల్ కాబట్టి అది పట్టే పెద్ద ఫ్రీజర్ దొరికితే ఇంట్లోనే కుదురుతుంది. బయటికి తీశాక అది గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పొద్దు, విప్పితే చెమ్మంతా చెక్క మీదే పేరుకుంటుంది. పల్చటి చెక్క పొర అతికించినవి, వేరే ముక్కలు పొదిగిన పని ఉన్నవి అయితే తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

స్టెప్ 4: తుడవండి, గీకకండి

చెక్కని మెత్తటి బ్రష్‌తో దులిపి, బాగా పిండిన గుడ్డతో ఒకసారి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. తేనెమైనం పాలిష్ కొంచెం చాలు. శాండ్‌పేపర్ మాత్రం దయచేసి ముట్టుకోకండి, వందేళ్ళుగా పాదాలు తగిలి నునుపెక్కిన ఆ రంగు పది నిమిషాల్లో పోతుంది, మళ్ళీ రాదు. పాత పెయింట్ ఉంటే ఇంకా జాగ్రత్త, అందులో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ళకి వాడే సీసం పెయింట్‌ని 1978లో నిషేధించారు, అంతకు ముందువి గీకితే ఆ దుమ్ము పిల్లలకి చాలా ప్రమాదం.

ఉన్ని కుట్టుపని ఉంటే తడపొద్దు, రంగులు కారిపోతాయి. పైన సన్నటి వల పరిచి, వాక్యూమ్ క్లీనర్‌ని తక్కువ స్పీడులో దాని మీదుగా తిప్పండి.

స్టెప్ 5: గుడ్డ మార్చాల్సొస్తే

పాత గుడ్డ పారేయకండి, వీలైతే దాని మీదే కొత్తది బిగించండి, లేదంటే మడతపెట్టి దాచండి. లోపల గుర్రపు వెంట్రుకలు, జనపనార పట్టీలు ఉంటే అవి బాగున్నంతవరకు ఉంచేయడమే నయం, స్పాంజికి ఆ గట్టిదనం రాదు.

స్టెప్ 6: ఎక్కడ పెట్టాలి?

సాదా సోఫా ముందు చెక్కడపు పనున్న స్టూల్ అందంగా ఉంటుంది, అన్నీ చెక్కడాలే ఉన్న గదిలో ఇంకోటి పెడితే దేన్నీ కన్ను పట్టించుకోదు. నా లెక్కలో గదికి ఒకటి చాలు, జత దొరికితే మాత్రం విడదీయకుండా గోడవారన సన్న బల్ల కింద పక్కపక్కనే పెట్టండి. చదువుకునే కుర్చీ ముందైతే మరీ మంచిది. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర వద్దు, గుడ్డ వెలిసిపోతుంది. బాత్రూమ్‌లో తేమకి జాయింట్లు వదిలేస్తాయి. రాత్రి నడిచే దారిలో పెడితే ముదురు రంగు పొట్టి స్టూల్ కనపడక తట్టుకుని పడతారు, వాడాక కుర్చీ కిందకి తోసేయడం అలవాటు చేసుకోండి. పై అరలో సామాను అందుకోవడానికి మాత్రం దీని మీద ఎక్కి నిలబడొద్దు, ఇది పాదాల బరువుకి చేసింది, మనిషి బరువుకి కాదు.