కుర్ర టెర్రియర్‌ను పనిలోకి దింపే ముందు

టెర్రియర్ అంటే ఎలుకల్ని, బొరియల్లో దాక్కునే జంతువుల్ని పట్టే చిన్న వేటకుక్క. దాన్ని ఎప్పుడు ఈ పనిలోకి దింపాలో వయసొక్కటే చూసి నిర్ణయించకండి. అలాగని ఏడాది నిండకముందే తొందరపడొద్దు. శాశ్వత దంతాలు 6–7 నెలలకే వచ్చేస్తాయి కానీ, ఎముకలు గట్టిపడటానికి, బుద్ధి కుదురుకోవడానికి ఇంకా టైమ్ పడుతుంది. కొన్ని 18 నెలలకు గానీ సిద్ధం కావు. వేరేవాళ్ల కుక్క ముందే మొదలుపెట్టిందని టెన్షన్ పడక్కర్లేదు.

– పిలిస్తే వెనక్కి రావాలి. ఇంట్లో కాదు, ఎదురుగా ఎలుక పరిగెడుతున్నప్పుడు. ఇది కుదరకపోతే మిగతావి చూడటం దండగ.
– కోళ్లు, గొర్రెలు, పిల్లుల జోలికి పోకూడదు.
– లెప్టోస్పైరోసిస్ టీకా వేయించాలి. ఎలుకల మూత్రం ద్వారా వచ్చే ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది కాబట్టి మీరూ గ్లవ్స్ వేసుకోండి.
– ఎలుకల మందు పెట్టిన చోటికి అసలు తీసుకెళ్లొద్దు. మందు తిని చచ్చిన ఎలుకను మింగినా ప్రమాదమే.

మొదటిసారి పని చిన్నదిగా ఉండాలి. తోడుగా అనుభవమున్న, నెమ్మదైన పెద్ద కుక్క ఒకటి చాలు. గుంపులో వదిలితే కుర్రది రెచ్చిపోయి తోటి కుక్కనే కరవచ్చు. మొదట్లోనే ఎలుక గట్టిగా కరిస్తే కొన్ని బెదిరిపోతాయి, కొన్ని మొండిగా తెగబడతాయి. నాకైతే రెండో రకమంటేనే ఎక్కువ భయం. వెనకాడితే తోయకండి, కొన్ని నెలలు ఆగండి.

బొరియలోకి పంపడం వేరే సంగతి. ముందు మీ ప్రాంతంలో చట్టం ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి. చెట్ల వేళ్లకు చిక్కుకునే మామూలు మెడపట్టీ తీసేసి, లోపల ఎక్కడుందో తెలిపే లొకేటర్ కాలర్ కట్టండి. ఇరుక్కుంటే తవ్వి తీయడానికి పార చేతిలో లేకుండా వదలకండి.