సినిమా చూడటం నేర్చుకుందాం – 6వ పాఠం: ‘ల్యాగ్’ అనిపించిన చోట పెన్ను తీయండి

కిందటి పాఠంలో ఒక్కో షాట్ ఎన్ని సెకన్లుందో లెక్కపెట్టాం. ఈసారి లెక్క తెరది కాదు, మీది. సినిమా మిమ్మల్ని ఎక్కడ విసిగించిందో, సరిగ్గా అప్పుడు తెర మీద ఏం జరుగుతోందో పక్కపక్కన రాసుకోవాలి. వినడానికి సులువుగానే ఉంటుంది. చేస్తే తెలుస్తుంది, మన విసుగు గురించి మనకెంత తక్కువ తెలుసో.

ఇందుకోసం అమెరికన్ దర్శకుడు జిమ్ జార్ముష్ తీసిన ‘డెడ్ మ్యాన్’ తీసుకుందాం. 1995 సినిమా, రెండు గంటలు, మొత్తం నలుపు తెలుపు. హింస బాగానే ఉంది కాబట్టి పిల్లలు పడుకున్నాక పెట్టుకోండి. కౌబాయ్ సినిమా అనగానే మనకు 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’, గుర్రం మీద కృష్ణ గుర్తొస్తారు. గుర్రాలు, టోపీలు, తుపాకులు ఇందులోనూ ఉన్నాయి. హీరో మాత్రం గళ్ల సూటు వేసుకున్న లెక్కల గుమాస్తా. పేరు విలియమ్ బ్లేక్, ఊరు క్లీవ్‌లాండ్, వేసింది జానీ డెప్. తుపాకి పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు.

నేను మొదటిసారి హాస్టల్ గదిలో నలుగురితో కలిసి చూశాను. అరగంటకి ఒకడు టీకని వెళ్లి తిరిగి రాలేదు. ఇంకొకడు గోడకి ఆనుకుని గురక పెట్టాడు. నేను మధ్యలో కునుకు తీసి, మర్నాడు మాత్రం “అద్భుతం” అని కోతలు కోశాను. అందుకే ఈ పాఠం రాసే అర్హత నాకుందనుకుంటున్నాను.

ముందు టైటిల్స్ పడేదాకా చూసి ఆపండి. ఏడెనిమిది నిమిషాలు, అంతా రైల్లోనే. బ్లేక్ పేకముక్కలతో ఒంటరిగా ఆడుకుంటాడు, కునుకు తీస్తాడు, లేస్తాడు. చక్రాలు చూపిస్తారు, కిటికీ చూపిస్తారు, తెర నల్లబడుతుంది. మళ్లీ అదే పెట్టె, అదే సీటు. ఇక్కడే చాలామంది “ల్యాగ్ బాబోయ్” అంటారు. అనండి, తప్పేం లేదు. అన్నాక వెనక్కి తిప్పి ఈసారి బ్లేక్‌ని వదిలేసి చుట్టూ కూర్చున్నవాళ్లని చూడండి. మొదట మంచి బట్టలేసుకున్న పట్నంవాళ్లు. ఒక కునుకు తర్వాత పల్లెటూరి కుటుంబాలు. ఇంకో కునుకు తర్వాత పెట్టె నిండా జంతుచర్మాలు కప్పుకున్న వేటగాళ్లు, చేతుల్లో తుపాకులు. ఒక్క డైలాగు లేకుండా జార్ముష్ మనల్ని దేశం సగం దాటించేశాడు. కళ్లు మూసి తెరిచేలోపు మనుషులు మారిపోయారు, మధ్యలో ఏం జరిగిందో బ్లేక్‌కీ తెలీదు, మనకీ తెలీదు.

తర్వాత మసికొట్టుకుపోయిన మొహంతో రైలింజను ఫైర్‌మన్ వచ్చి ఎదురుగా కూర్చుని, పడవ గురించి ఏదో అయోమయంగా మాట్లాడతాడు. ఆ మాటలు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, చివర్లో పనికొస్తాయి. ఇంతలో వేటగాళ్లందరూ కిటికీల్లోంచి అడవిదున్నల మీద కాల్పులు మొదలుపెడతారు. ఇది కట్టుకథ కాదు. 1870లలో అమెరికా మైదానాల్లో రైళ్లలోంచి ఇలా సరదాకి కాల్చేవాళ్లు. ఆ దున్నల మీదే బతికే ఆదివాసీ తెగల తిండి ఇలాంటి వేటలన్నిటితో పోయింది. దున్నల్ని కాలుస్తున్నారని ఫైర్‌మన్ ఒకటి రెండు ముక్కలు అంటాడు, అంతకుమించి వివరించడు. చెవులు చిల్లులు పడే కాల్పుల మధ్య బిక్కమొహం వేసుకున్న గుమాస్తా మాత్రం ఉంటాడు.

ఇక మిగతా సినిమా. మెషిన్ అనే ఊళ్లో ఉద్యోగం దొరకదు, రాత్రికి గుండె పక్కన తూటా దిగుతుంది, నోబడీ అనే ఆదివాసీ కాపాడబోతాడు. ఇంగ్లండ్‌లో చదువుకున్న నోబడీకి 1827లో చనిపోయిన కవి విలియమ్ బ్లేక్ అంటే ప్రాణం. ఆ కవే ఈ గుమాస్తా అని నమ్మేస్తాడు. గుమాస్తాకేమో ఆ కవి ఎవరో కూడా తెలీదు. కథ ఇంతకన్నా అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. “బోర్” అన్న మాట నోట్‌బుక్‌లో నిషేధం. దాని బదులు ఫిర్యాదు రాయాలి, అదీ కచ్చితంగా. ‘తెర మాటిమాటికీ నల్లబడుతోంది, సీను ముగియకుండానే తుంచేసినట్టుంది’ అని రాశారనుకోండి, అది ఫిర్యాదు. రాశాక ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇదే సమయంలో హీరో పరిస్థితి ఏంటి? ఒంట్లో తూటాతో, రక్తం పోతూ, స్పృహ వస్తూ పోతూ ఉన్నాడు. మీ ఫిర్యాదు తీరకపోవచ్చు, కానీ దానికి ఒక చిరునామా దొరికింది.

నోబడీ తన భాషలో మాట్లాడినప్పుడు ‘సబ్‌టైటిల్స్ ఫైల్ పాడైంది’ అనుకుని ప్లేయర్ సెట్టింగుల్లో వెతికినవాళ్లలో నేనూ ఉన్నాను. పాడవలేదు. క్రీ, బ్లాక్‌ఫుట్ భాషల మాటలకు కావాలనే సబ్‌టైటిల్స్ వేయలేదు. ఆ భాషలు వచ్చినవాళ్లకి మాత్రమే అందే మాటలు అవి. బెంగళూరు థియేటర్లో కన్నడ సినిమా చూస్తుంటే మధ్యలో తెలుగు తిట్టొకటి పడిందనుకోండి, మనమొక్కళ్లమే నవ్వుతాం కదా. ఇక్కడ నవ్వనివాళ్ల వరసలో మనం కూర్చున్నాం.

ఫిర్యాదు ఎలా రాయాలో తెలియాలంటే రోజర్ ఈబర్ట్‌ని చూడండి. అమెరికాలో అంత పేరున్న విమర్శకుడు ఈ సినిమాకి నాలుగుకి ఒకటిన్నర స్టార్లు ఇచ్చాడు. ఈ సినిమాకి సంగీతం ఇచ్చిన రాక్ గాయకుడు నీల్ యంగ్ రీరికార్డింగ్ వింటే ఎవరో గిటార్‌ని పదేపదే కింద పడేస్తున్నట్టుందని వెక్కిరించాడు. అదే సినిమా మీద జొనాథన్ రోజెన్‌బామ్ అనే మరో విమర్శకుడు ఇష్టంగా ఒక పుస్తకమే రాశాడు. నేను రోజెన్‌బామ్ పక్షం. అయినా ఈబర్ట్ మాట అక్షరాలా నిజం. ఆ గిటార్ అలాగే మోగుతుంది: ఒక్కసారి దబ్బున పడుతుంది, మోత సాగుతూ సాగుతూ సన్నబడుతుంది, నిశ్శబ్దం, మళ్లీ దబ్బు. నీల్ యంగ్ తెర మీద సినిమా చూస్తూ, అప్పటికప్పుడు తోచింది వాయించుకుంటూ పోయాడు. మూకీల కాలంలో తెర పక్కన కూర్చుని వాయించినట్టు. నచ్చనివాడు రాసిన వాక్యం చదివి, నచ్చినవాడు ఆ సంగీతాన్ని గుర్తుపట్టగలిగితే ఆ ఫిర్యాదు పాసైనట్టు.

ఈ వారం హోంవర్క్. సినిమా పూర్తిగా ఒకేసారి చూడండి, ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. కనీసం ఐదు ఫిర్యాదులు రాయండి, పక్కన నిమిషం వేయండి. ఇంకో చిన్న పని: పొగాకు ఉందా అని ఎవరైనా అడిగితే “నేను పొగ తాగను” అని బ్లేక్ అన్నప్పుడల్లా ఒక గీత పెట్టుకోండి. మొదట్లో నవ్వొస్తుంది, నడుమ విసుగొస్తుంది. చివరిసారి ఆ మాట పడవ దగ్గర వస్తుంది. ఆ గీత పెట్టేటప్పుడు చెయ్యి ఆగిందా లేదా రాసి ఉంచుకోండి, వచ్చే పాఠం అక్కణ్ణుంచే మొదలు.