ఛాతీలో మంటా? ముందు రాత్రి భోజనం టైమ్ మార్చండి
రాత్రి 10 గంటలకి ఆవకాయన్నం కడుపునిండా తినేసి వెంటనే నడుం వాలిస్తే గొంతులోకి పుల్లటి నీళ్లు రాక ఏమవుతుందండీ, అన్నవాహిక చివర ఉండే కండరం వదులైతే యాసిడ్ పైకి తన్నేస్తుంది, పడుకుంటే ఇంకా ఎక్కువ. అందుకే పడుకోడానికి 3 గంటల ముందే తినేయండి, నాకైతే అన్నిటికంటే ఇదే పనిచేసింది. దిండ్లు పేర్చుకుంటే పొట్ట మడతపడి నొక్కుకుంటుంది, దాని బదులు మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 6 నుంచి 8 అంగుళాలు లేపండి, ఎడమవైపు తిరిగి పడుకోండి.

వేపుళ్లు, బజ్జీలు, పరగడుపున కాఫీ తగ్గించండి. చింతపులుసు కొందరికి పడుతుంది కొందరికి పడదు, ఏది తిన్నరోజు మంటొచ్చిందో రాసుకోండి.

మింగడం కష్టమైనా, విరేచనం నల్లగా అయినా డాక్టర్‌కి చూపించండి. నొప్పి చేతికో దవడకో పాకితే మాత్రం గ్యాసే అనుకుని కూర్చోకండి, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి ప్లీజ్.