రోగ్‌లైక్ గేమ్‌లో బొబ్బిలి యుద్ధం నాటి తుపాకి పెట్టడం ఎలా?

మనం ఒక అడుగు వేస్తేనే శత్రువూ ఒక అడుగు వేసే ఆటలు రోగ్‌లైక్‌లు. ప్రతిసారీ కొత్త మ్యాపు, చచ్చిపోతే మళ్లీ మొదటి నుంచే. 1980లో వచ్చిన రోగ్ పేరే ఈ రకం ఆటలన్నిటికీ స్థిరపడింది. అందులో విల్లు, బాణాలు ఉన్నాయి, తుపాకి లేదు. నెట్‌హ్యాక్ అనే రోగ్‌లైక్ నుంచి పుట్టిన స్లాష్ఎమ్‌లో తుపాకులు చేరాయి కానీ, అవి దాదాపు విల్లు పద్ధతిలోనే పనిచేస్తాయి. డూమ్ ఆటని రోగ్‌లైక్‌గా మార్చిన డూమ్ఆర్ఎల్‌లో కాంబాట్ షాట్‌గన్‌ని మాత్రం పేల్చిన ప్రతిసారీ పంపు లాగాలి. ఆ కాస్త ఆలస్యమే దానికి ప్రాణం పోసింది. నా ఉద్దేశంలో ఈ ఆటల్లో తుపాకి రుచి అంతా దాన్ని నింపడానికి పట్టే సమయంలోనే ఉంది.

విజయనగరం జిల్లా వాళ్లకి మంచి నమూనా ఇంటి దగ్గరే దొరుకుతుంది. 1757 జనవరి 24న విజయనగరం రాజుకి తోడుగా ఫ్రెంచి సేనాని బుస్సీ సేన బొబ్బిలి మట్టికోట మీద పడింది. ఆ కాలపు ఫ్రెంచి సైనికుడి ఆయుధం చెకుముకి తుపాకి. గొట్టం లోపలి వ్యాసం దాదాపు 17.5 మిల్లీమీటర్లు, చివర బాయొనెట్ అనే పొడిచే కత్తి. ఈ తుపాకిని ఆటలోకి తెద్దాం.

ముందు కాలం లెక్క తేల్చండి

బాగా శిక్షణ ఉన్న సైనికుడు నిమిషానికి మూడుసార్లు పేల్చగలడు. అంటే ఒక్కోసారి నింపడానికి 20 సెకన్లు. సెకనుకి 4 మీటర్ల చొప్పున పరిగెత్తే మనిషి ఆ లోపు 80 మీటర్లు దాటేస్తాడు. ఈ తుపాకి ఒంటరి మనిషిని నమ్మకంగా కొట్టగలిగే దూరమూ ఇంచుమించు అంతే. మొదటి గుండు తప్పిందంటే, రెండోది సిద్ధమయ్యేసరికి శత్రువు మీ ముందుంటాడు. బాయొనెట్ ఎందుకు అవసరమైందో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

ఆటలో ఈ నిష్పత్తిని కాపాడాలి, అంకెలు ఎలా ఉన్నా ఫర్వాలేదు. చూపు 10 గడుల దూరం, శత్రువు టర్నుకి ఒక గడి నడుస్తాడు అనుకుంటే, నింపడానికి 10 టర్నులు పెట్టండి. ఎక్కువైపోయిందని ఆటగాళ్లు గొడవ పెడతారు. అయినా తగ్గించకండి.

నింపడాన్ని ముక్కలు చేయండి

పది టర్నులూ ఒకే కమాండ్‌లో గడిచిపోతే అది వట్టి నిరీక్షణ. అసలు పని ఇలా సాగేది: మందు, గుండు చుట్టిన కాగితం తూటాని పళ్లతో చింపడం, పక్కనున్న చిన్న పళ్లెంలో రంజకం (ముందుగా అంటుకునే కాస్త మందు) పోసి మూత వేయడం, మిగతా మందునీ సీసపు గుండునీ గొట్టంలో వేయడం, కడ్డీతో కూరడం, చివరగా గుర్రం (చెకుముకి రాయిని పట్టుకునే మీట) పూర్తిగా వెనక్కి లాగడం. ఈ ఐదింటికీ రెండేసి టర్నులు ఇవ్వండి. తుపాకి ఏ దశలో ఉందో ఆ వస్తువులోనే దాచుకోవాలి, ఆటగాడిలో కాదు. అప్పుడే సగం నింపిన తుపాకిని కింద పడేసి కత్తి దూయొచ్చు, తర్వాత తీసుకుని మిగతా సగం పూర్తి చేసుకోవచ్చు.

మొదటి రెండు దశలు నడుస్తూ చేయనివ్వండి. కూరేటప్పుడు మాత్రం నిలబడాల్సిందే.

నాకు బాగా ఇష్టమైన దశ కూరడమే. కంగారులో కడ్డీని గొట్టంలోనే వదిలేసి పేల్చేసిన సైనికులు నిజంగానే ఉన్నారు. మీ ఆటలోనూ అది జరగనివ్వండి. కూరాక కడ్డీ బయటికి తీయడానికి విడిగా ఒక కీ పెట్టండి. తీయకుండా పేలిస్తే కడ్డీ బాణంలా ఎగిరిపోవాలి, మెసేజ్ రావాలి: "కడ్డీ పోయింది. ఇక కూరడం కుదరదు." అక్కడి నుంచి ఆ తుపాకి బల్లెమే, ఇంకో కడ్డీ దొరికేదాకా.

పేలకపోవడం, పొగ, చప్పుడు

చెకుముకి రాయి అరిగినా, రంజకం తడిసినా తుపాకి పేలదు. ఒక్కోసారి రంజకం భగ్గుమంటుంది గానీ లోపలి మందుకి నిప్పు అందదు. నేనైతే మామూలు రోజుకి వందకి 15 సార్లు, వానలో సగానికి సగం పేలకుండా పెడతాను. ఇది ఆట కోసం వేసుకున్న లెక్క, మీకు నచ్చినట్టు మార్చుకోండి. పేలకపోతే మళ్లీ మొదటి నుంచి నింపనక్కర్లేదు, రంజకం పోసి గుర్రం లాగితే చాలు.

ఆ తుపాకి మందు పొగ దట్టంగా ఉంటుంది. పేల్చినవాడి ముందు మూడు గడుల్లో కొన్ని టర్నుల పాటు చూపు ఆగిపోవాలి, ఇద్దరికీ. చప్పుడుకి ఆ అంతస్తులో నిద్రపోతున్న వాళ్లందరూ లేవాలి. తగిలిన గుండు మాత్రం మామూలు శత్రువుని ఒక్క దెబ్బకే పడగొట్టాలి. ఇన్ని కష్టాలు పెట్టాం, ఆ బలం దాచకూడదు.

మ్యాపు

మట్టిగోడలు, మూలల్లో బురుజులు గీయండి. గోడ చాటున కూర్చుంటే నింపుకునే టైము దొరుకుతుంది, గోడ కూలిందంటే దొరకదు. బొబ్బిలి అనే పేరు పెట్టేటట్టయితే ఒక్క మాట. ఆ రోజు కోటలో ఆడవాళ్లు, పిల్లలు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లని స్కోరులోకి లాగకండి.

పరీక్ష

మ్యాపు మారకుండా ఒకే సీడ్ పెట్టి, ఈ ఆట ఎరగని స్నేహితుడి చేతికివ్వండి. మొదటి గుండు తప్పాక అతను ఏం చేస్తున్నాడో చూడండి. నింపాలా, పారిపోవాలా, బాయొనెట్‌తో ఎదురెళ్లాలా అని కీబోర్డు మీద చెయ్యి ఆగితే లెక్క కుదిరినట్టే. ఆలోచించకుండా నింపుతూనే గెలిచేస్తుంటే టర్నులు పెంచండి.